మగ్గం గొంతు

మూడో శనివారం పుస్తకాల సంచి వద్దన్నారు పైవాళ్లు.
అమ్మానాయనల్ని తీసుకురమ్మన్నాను నేను.
పాత నోటుబుక్కుల చివరి కాగితాలు చించి
పిల్లలే రాశారు పిలుపు చీటీలు:
"మా బడికి రండి. కత చెప్పండి. టీ ఇస్తాము."
టీ సంగతి నేను చెప్పలేదు,
ఐదో తరగతి తేజోవతి సొంతంగా కలిపింది.

జూలైలో ఎవరూ రాలేదు.
ఆగస్టులో ఒక అవ్వ వచ్చింది,
మనవడు తినకుండా దాచిన గుడ్డు
ఏ మూల ఉందో వెతుక్కుని పోయింది.

నగరిలో మా వీధికి తెల్లారేది మగ్గాలతోనే.
గోడకవతల టకటక, టకటక.
రెండో ఎక్కం చెప్పేది నేనైనా
తాళం మాత్రం వాటిదే.
కరెంటు ఉన్నంతసేపే కూలి.
బిడ్డ గీసిన ఏనుక్కి ఎన్ని కాళ్లున్నాయో
కరెంటు ఉన్నప్పుడు ఎవరొచ్చి చూస్తారు?

సెప్టెంబరులో, మూడో శనివారం, పదీ ఇరవైకి
చెవుల్లోంచి ఎవరో దూది తీసినట్టయింది.
ఫ్యాను రెక్కలు మూడూ విడివిడిగా కనబడ్డాయి.
మూడిళ్ల అవతల ఎవరో దగ్గితే వినబడింది.
ఆ తర్వాత, చెప్పుల చప్పుడు.

వచ్చారు.
తలల్లో నూలు పోగులతో వచ్చారు.
కండెలు చుట్టే సరళ, చంకలో చంటిదానితో.
అద్దకం పని మునెయ్య, మోచేతుల దాకా ఊదారంగు,
పిల్లలు ముట్టి చూశారు, అంటుకుంటుందేమోనని.
యాళిని నాయన కన్నియప్పన్
చెప్పులు విడిచి చేత్తో పట్టుకుని
గుమ్మంలోనే ఆగిపోయాడు.

కత చెప్పమన్నాను.
"ఏందీ?" అన్నాడు.
ఇరవై రెండేళ్లు నాలుగు మగ్గాల నడుమ నిలబడిన చెవులు.
గట్టిగా అడిగాను.
"నాకు తమిళమే సదవను వస్తాది టీచరమ్మా!"
ఆ మాట రైల్వేస్టేషను దాకా పోయుంటుంది.

యాళిని లేచింది.
మూడో తరగతి. హాజరు పలికేటప్పుడు తప్ప
దాని గొంతు నేను వినలేదు, అదీ సగమే.
బీరువాలోంచి తాబేలు బొమ్మ పుస్తకం తీసి
నాయన చెవికి నోరు ఆనించి
అరిచింది:
"ఒక మడుగులో ఒక తాబేలు!"
ఆయన మావైపు తిరిగి అరిచాడు:
"ఒక మడుగులో ఒక తాబేలు!"
కిటికీ మీది పిచుక లేచిపోయింది.
ఎవరో కిసుక్కుమన్నారు.
నాలుగో వాక్యానికి
కూతురు ఒకసారి, నాయన ఒకసారి,
నలభైముగ్గురు పిల్లలు ఒకసారి.
నిదానంగా నడిచే తాబేలు
అంత చప్పుడు చేస్తూ ఏ కతలోనూ నడిచుండదు.

"మాట్లాడదు" అని రాసుకున్నాను ఆ పిల్ల పేరు పక్కన.
ఇంట్లో అరిచీ అరిచీ అలిసి
బళ్లో కాస్త ఊపిరి తీసుకుంటోందని
నాకెవరు చెప్పాలి?

తాబేలు ఇల్లు చేరకముందే
గోడకవతల ఒక మగ్గం కదిలింది.
తర్వాత రెండు. తర్వాత అన్నీ.
టీ గ్లాసులు సగంలో పెట్టి అందరూ లేచారు.
కన్నియప్పన్ మిగిలిన పేజీలు వేలితో తిప్పాడు.
మూడు.
వాకిలి చూశాడు. కూతురిని చూశాడు.
"కానీ" అన్నాడు.
ఆ మోతలో మా గొంతులు మునిగిపోయాయి,
వాళ్లిద్దరివి మునగలేదు.
వాళ్లు ఇంట్లో మాట్లాడుకునే ఎత్తే అది.

సంతకాల కాగితంలో తమిళంలో పేరు పెట్టి పోయాడు.
పైవాళ్లు ఇదేందని అడిగితే
చదివి చెప్పను యాళిని ఉంది.

నిన్న లైన్‌మెన్ గజేంద్ర
రెండో తరగతి కొడుకుని దించను వచ్చాడు.
"ఈ నెల తీగలు మార్చేది ఎప్పుడన్నా?" అడిగాను.
"ఇరవయ్యారు, శనివారం.
పొద్దన్నించి ఒంటిగంట దాకా కరెంటుండదు టీచరమ్మా.
ఎందుకు?"
ఊరికే, అన్నాను.

తేజోవతి మళ్లీ చీటీలు రాస్తోంది:
"మా బళ్లో ఈ నెల మూడో శనివారం
నాలుగో శనివారం నాడు వస్తుంది.
రండి. టీ ఇస్తాము."