నల్లజీడి గుర్తు

మస్కట్‌ల రువీ, బజారు వెనుక సందు.
నాలుగు మిషన్లు, ఆవిరి ఇస్త్రీ, ఒక యాప్.
యాప్ వచ్చిననాడు మస్తు మురిసిన,
ఇగ బట్టలకు గుర్తులు పెట్టే పని తప్పిందని.

మా తాత కొమురెల్లి
నల్లజీడి గింజను సూదితో గుచ్చి
పటేలు పంచెకు మూడు చుక్కలు,
టీచరమ్మ జాకెట్టుకు ఒక గీత పెట్టేటోడు.
ఎన్ని ఉతుకులకూ పోకపోయేది.
ఊరందరి మరకలు ఆయనకు ఎరుకే,
ఒక్కటి కూడా రేవు దాటి మాటయ్యి రాలే.

నేను అమ్ముకున్న.
పోయినేడు రంజాన్ ముందు
సూట్లు వేసేటోళ్ల నంబర్లు అడిగిండు
అత్తరు దుకాణం షంనాద్.
ఆరువందల నలభై నంబర్లు, నలభై రియాళ్లు.
తప్పనిపించలే. పైంగ చాయ్ తాపిండు.

ఇప్పుడు చట్టమొచ్చింది.
ఒక్కొక్కరినీ అడగాలె,
మీ వివరం మా దగ్గర ఉండనియ్యాల్నా అని.
'అవును'ను పెద్దగ, పచ్చగ చేద్దామన్నడు యాప్ పిల్లగాడు,
'వద్దు'ను బూడిద రంగుల, చీమ తలకాయంత.
కుదరదట. రెండు బొత్తాలూ ఒక్క తీరుండాలట.
అవునన్నోళ్లు తొంభై ఒక్కరు.
మిగిలినోళ్లు ఏదీ నొక్కలే.
రెండు మిషన్ల మీద దుప్పటి కప్పిన.

లేబర్ కార్డునాడు నా పది వేళ్లూ అద్దించుకున్నరు,
ఏ బొత్తామూ చూపియ్యలే.
అది వేరే ముచ్చట.

మూడువందల నాలుగో ఫ్లాటు మేడమ్ వచ్చింది:
'నా గురించి ఏమేమున్నయో చూపియ్యి.'
చూపాలె. ప్రింటు తీసిన.
పేరు, నంబరు, రెండువందల పన్నెండు ఆర్డర్లు,
గంజి తక్కువ, గురువారం సాయంత్రం.
ఆమె వేలు కిందికి జారుకుంట జారుకుంట
మగ చొక్కాల గడి కాడ ఆగింది.
ఫిబ్రవరి నుంచి సున్న.
సున్న.
సున్న.
'ఇది ఎవరెవరు చూసిన్రు?'
షంనాద్ పేరు గొంతుల అడ్డం పడ్డది.
నంబరే ఇచ్చిన, ఇది ఇయ్యలే అని
చెప్పబోయి చెప్పలే.
'తీసెయ్' అన్నది.
ఆమె ముంగటనే తీసేసిన.

మళ్ల గురువారం
లిఫ్టు దిగి, మూట చేతుల పట్టుకొని తనే వచ్చింది.
కొత్త పోరడు అలవాటుగ ఫోను తీసి
'పేరు మేడమ్?' అన్నడు.
ఫోను లోపల పెట్టుమన్న.

నల్లజీడి ఇక్కడ యాడ దొరుకుతది?
బాల్‌పెన్నుతో కాలరు లోపల
ఒక్క చుక్క పెట్టిన.
రెండు ఉతుకులకు పోతది.
పోనీ.