పదహారు గ్రాములు

ఎనభై తొమ్మిది యూరోలు.
సూపర్‌మార్కెట్‌లో ఇస్త్రీపెట్టెల పక్కన
దుమ్ము కొట్టుకుని కూర్చుంది.
"నాలుగు నెలలు నడిస్తే గొప్పే" అన్నాడు
బిల్లు కొట్టే కుర్రాడు.
ఈ త్రియెస్తే రేవులో ముప్పై ఒక్క ఏళ్లు
క్రేను నడిపినదాన్ని.
నడవని వాటిని ఎలా నడిపించాలో
నాకు నేర్పకు నాయనా అన్నాను.

పైన గాజుగదిలో కూర్చుని
కాఫీ బస్తాలు దించేదాన్ని.
ఒక్కోటి అరవై కిలోలు, పట్టుకు ఇరవై.
శాంతోస్ నుంచి, మొంబాసా నుంచి,
ఓ వానాకాలం మంగళూరు నుంచి.
ఎంత దించానో లెక్క లేదు.
ఒక్కటి మాత్రం చెప్పగలను:
పచ్చి గింజకు కాఫీ వాసన ఉండదు.
తడి గడ్డిలా ఉంటుంది, గోనెలా,
రెండు షిఫ్టులు చేసిన మనిషి చొక్కాలా.

ఇప్పుడు పదహారు గ్రాములు.
పదిహేనైతే
నీళ్లు ఆగకుండా పరుగెత్తి పోతాయి,
నాలుక ముడుచుకునే పులుపు.
పదిహేడైతే మూగనోము పడుతుంది.
పంపు ఒకటే కందిరీగలా రొద పెట్టి పెట్టి
చివరికి నాలుగు నల్లచుక్కలు రాలుస్తుంది,
అప్పు తీర్చేవాడి మొహంతో.

దాని పచ్చదీపం పచ్చి అబద్ధాలకోరు.
వేడెక్కానంటుంది, ఎక్కదు.
ముందు ఓ కప్పు ఉత్త నీళ్లు పారబోయాలి,
ఇనప పిడి అరచేతిని చురుక్కుమనిపించాలి.
చలికాలం పొద్దుటి ఇంజనూ అంతే,
ఖాళీ కొక్కేన్ని రెండుసార్లు ఆడించందే
బరువు ముట్టనిచ్చేది కాదు.

ఇక కప్పు నడక.
పంపు వణికినకొద్దీ అది
అంగుళం అంగుళం జరిగి
అంచుకొచ్చి ఆగుతుంది,
ఈతరాని పిల్ల రేవుమెట్టు మీద నిలబడ్డట్టు.
రెండు పగిలాయి.
మూడోదాని కింద
నా పాత చేతితొడుగు మడిచి పెట్టాను,
కుడిచేతిది, బొటనవేలు చిరిగినది.
అప్పట్నుంచి కదల్లేదు.

దార్కో వచ్చాడు,
రేవులో కాటా దగ్గర కూర్చునేవాడు.
బోరా గాలి వీధుల్ని ఊడ్చేస్తుంటే
టోపీ పళ్లతో పట్టుకున్నంత పనిచేసి
నాలుగంతస్తులెక్కాడు.
సంచిలోంచి మందులకొట్టు తక్కెడ తీశాడు.
"నీ స్పూను లెక్కలు నాకు తెలుసులే ఓందీనా,
నీ క్రేను టన్నుకు రెండు కిలోలు మింగేది."
"నీ కాటా మధ్యాహ్నాలు కునుకు తీసేది."
ఇరవై ఏళ్ల తగాదా
గింజల పొడి మీద మళ్లీ రాజుకుంది.

మర చెయ్యి తిప్పాను. తూచాడు.
ఓ చిటికెడు తీశాడు,
తీసినదాంట్లో సగం మళ్లీ వేశాడు.
"ఇంకొంచెం గట్టిగా అదుము."
అదిమాను.
వాచీ చూస్తూ పైకే లెక్కపెట్టాడు.
తొమ్మిదో అంకెకు తొలిచుక్క,
తర్వాత ఎలుకతోకంత ధార,
కొత్త జనపతాడు రంగులో.
ఇరవై ఏడుకు ఆపాను.

తాగాడు.
"నీరో లాగే ఉంది" అన్నాడు.
కప్పు దించి, కాసేపాగి,
"దాదాపు."
వాడి నోట అంతకు మించిన మెప్పు
ఓడ కెప్టెన్లు కూడా ఎరగరు.

రెండోది మళ్లీ పుల్లగా వచ్చింది.
అదే గింజ, అదే తూకం, అదే చెయ్యి.
ఎందుకో ఇద్దరికీ అంతుపట్టలేదు.
పారబోయలేక నేనే తాగాను.

దార్కో రసీదు వెనక ఏదో రాస్తున్నాడు.
"అరవై కిలోల బస్తా,
వేపితే తరుగు తొమ్మిది,
కప్పుకు పదహారు చొప్పున
మూడు వేల నూట ఎనభై ఏడున్నర."
అర దగ్గర పెన్సిలు ఆగిపోయింది.

తొంభై ఆరు ఫిబ్రవరిలో
నా పట్టులోంచి ఒక్క బస్తా జారింది.
కాటాగది ముందు పడి పగిలింది,
సిగరెట్టు వెలిగించుకోడానికి వాడు
గోడవారకు తప్పుకున్న చోట.
గింజలు నీళ్లదాకా దొర్లాయి.
ఆ సంగతి మేం ఎన్నడూ ఎత్తలేదు.

ఏ బస్తాను లెక్కపెట్టావని
ఇవాళ కూడా అడగలేదు.
పిప్పి బిళ్లను చెత్తబుట్ట అంచుకు కొట్టాను,
సగమే ఊడింది.
"అర ఎవరికి?" అన్నాడు దార్కో.
చేతితొడుగు మీద ఖాళీ కప్పు సర్ది
నీళ్లు నింపాను.
పచ్చదీపం అప్పుడే వెలిగింది.
నమ్మలేదు.
ఇద్దరం చూస్తూ కూర్చున్నాం.