అద్దంలో ఉద్యోగం

లియెపాయ రేవులో పాత ఉప్పు గోదాము.
లోపల ఒకే గదిని రెండుసార్లు కట్టారు,
ఎదురెదురుగా, కుడిఎడమలు తారుమారు చేసి.
మధ్య గోడకి బంగారు పూత చట్రం.
గాజు లేదు.

ఆ చట్రానికి అవతల నా ఉద్యోగం.
వెల్త కుడిచేత్తో తల దువ్వుకుంటే
నేను ఎడంచేత్తో దువ్వుకోవాలి.
తను ఉలిక్కిపడితే
అదే రెప్పపాటులో నేనూ ఉలిక్కిపడాలి.
రోజుకి నలభై యూరోలు, మధ్యాహ్నం బీట్‌రూట్ సూపు.

దర్శకుడు గుంతిస్‌కి ఇంకా ముప్ఫై నిండలేదు,
కంప్యూటర్ని మాత్రం గడప తొక్కనివ్వడు.
మెట్ల మీద పాకే నీడకి అట్టగోళ్లు,
నెత్తురుకి చాక్లెట్ పాకం.
నలుపు తెలుపులో అసలు ఎరుపు
అబద్ధంలా కనిపిస్తుందట.
టేకు అవగానే వెల్త మెడ తుడుచుకుని
వేలు నాకుతుంది.

రక్తపిశాచి ఒయార్స్. డెబ్బై ఒకటి.
మేకప్‌కి రెండు గంటలనుకున్నారు,
పావుగంటలో తేలిపోయింది.
కోరలు చొక్కా జేబులో వేసుకుని
ఆవముద్ద దట్టించిన నల్లరొట్టె తింటాడు,
ఎవరితోనూ మాట్లాడడు.

మొదటిరోజే అడిగాను,
అద్దంలో ఆయన కనబడకూడదు కదా, ఎలా అని.
"ఆయనకి జోడీని పెట్టుకోలేదు, అంతే"
అన్నాడు గుంతిస్.

అంతే.

తర్వాతెప్పుడో జిద్రా చెప్పింది,
నా జాకెట్టు బిగిస్తూ, పళ్ల మధ్య గుండుసూదులతోనే.
ఒయార్స్, ఆర్విద్స్ కవలలు.
నావికుల క్లబ్బులో పాతికేళ్లు
ఇలాంటి ఖాళీ చట్రం పెట్టుకునే నవ్వించారు:
ఒకడు గడ్డం గీస్తుంటే ఇంకొకడూ గీస్తాడు,
ఒకడు తుమ్మితే ఇంకొకడు ఆగి, చూసి, తుమ్ముతాడు.
మార్చిలో చేపల కోసం వెళ్లిన ఆర్విద్స్ కింద
మంచు విరిగింది.

పదకొండో టేకు.
వెల్త వెనకనుంచి ఆయన వచ్చాడు.
అటు ఇద్దరు. ఇటు నేనొక్కదాన్నే.
చూడాల్సింది ఆమె మెడని.
చూసింది నా భుజం పక్కన ఖాళీని.
కుడిచెయ్యి మెల్లిగా చెంప దాకా లేచింది,
సబ్బు నురగ రాసుకోబోతున్నట్టు.
అక్కడే ఆగింది
ఎదుటి ఎడంచెయ్యి కోసం.

వెల్తకేం తెలుసు, దువ్వుకుంటూనే ఉంది.
నా దువ్వెన నిలిచిపోయింది.

"కట్! అద్దం ఆలస్యమైంది."

క్షమించమన్నాను. ఫిలిం ఖరీదు నాకూ తెలుసు.
ఒయార్స్ బొటనవేలితో కోరలు సర్దుకుని
పన్నెండో టేకులో మెడనే చూశాడు,
ఇచ్చిన డబ్బుకి సరిపడా ఆకలిగా.
అందరూ చప్పట్లు కొట్టారు.

ఎవరూ గమనించలేదు గానీ
ఆ టేకులో నేను బెత్తెడు పక్కకి జరిగి నిలబడ్డాను,
ఇంకొకరికి చోటుండాలని.