మెత్త పెంకు

అమావాస్య దగ్గర పడితే గుంటల్లో రొయ్య పెంకు వదులుతుంది.
ఆ పూట ఎవరూ వల దించరు.
మైపాడు రైతు మా కంపెనీకి ఫోను చేస్తాడు:
"నాలుగు దినాలు ఆగండి సార్, సరుకు మెత్తగుండాది."
సరేనంటారు. లారీ వెనక్కి తిప్పుతారు.
ఆ మాట ఎంత సులభంగా అంటారో!

నేను కాటా దగ్గర కూచుని బరువులు రాసే మనిషిని.
ముత్తుకూరు రోడ్డు, రాత్రి షిఫ్టు.
తల తీసిన కిలోకి ఒక రేటు,
నరం తీసిన కిలోకి ఇంకో రేటు.
చలిగదిలో వేళ్లు తెల్లబడి ముడతలు పడితే
దానికి రేటు లేదు.

నూట పదిహేడో టోకెను మస్తానమ్మ
కాన్పయిన ఇరవై రెండో రోజున బస్సు దిగింది.
నడుముకి పాత చీర బిగించి కట్టుంది,
చెవుల్లో దూది.
"ఏందమ్మే, పచ్చి ఒళ్లు" అన్నాను.
"ఒళ్లు పచ్చిదేలే అక్కా, పొయ్యి ఆరిపోయుండాది."
అవి వేట ఆపిన నెలలు.
చేపలు గుడ్లు పెట్టే కాలమని పడవలన్నీ ఒడ్డెక్కాయి,
ఆమె మొగుడు చిరిగిన వల ముందేసుకుని కూచోనున్నాడు.

ఆఫీసు గోడకి అంటించిన కాగితంలో
ఆమెకు సెలవుంది, జీతంతో. నేను చదివాను.
కాకపోతే ఆరు నెలలకోసారి కాంట్రాక్టరు పేరు మారుతుంది,
మారినప్పుడల్లా మా లెక్క మళ్లీ ఒకటో రోజు.
పదకొండేళ్లుగా నేను కొత్తగా చేరుతూనే ఉన్నాను.

రాత్రి రెండింటప్పుడు ఐసు ముందర నిలబడి
ఉన్నట్టుండి చేతులు ఆపింది.
ఏప్రాను కింద రవిక తడిసింది.
ఇందుకూరుపేటలో బిడ్డ ఏడ్చి ఉంటుంది.
"చెయ్యి ఆడాల, చెయ్యి ఆడాల" అన్నాడు సూపరవైజరు.

మర్నాడు ఆడోళ్లు ఆమెను బస్సెక్కనీలేదు.
వెంగమ్మ తన తట్ట కాటా మీద పెట్టి
"ఇందులో కిలో నూట పదిహేడుకి రాయి" అంది.
వెనకాలే ఖాదర్‌బీ, దాని వెనక సుబ్బరత్నం.
"నా కాన్పుకి ఎవురిచ్చినారంట?" అని గొణుగుతూనే
అరకిలో వదిలింది తిరపాలమ్మ.
రాశాను.
రాసేటప్పుడు చెయ్యి వణకలేదు.
తెల్లారి ఇంటికొచ్చి అన్నం కలుపుకుంటుంటే వణికింది.

పందొమ్మిది రాత్రులు నడిచింది అట్లా.
కంపెనీకి ఒక్క రూపాయి నష్టం లేదు,
అందుకే ఎవరూ కనిపెట్టలేదు.

జీతాల రోజు మస్తానమ్మ వచ్చింది,
నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుని.
"తప్పు రాసుండావే అక్కా, నేను రాని దినాలివి."

"తప్పే" అన్నాను.
"చదువు తక్కువ నాకు.
పో, బిడ్డ లేస్తాది."