మిర్గం నాడు కూలర్

నయీంనగర్ల నాది జిరాక్సు దుకాణం.
బట్టల షాపులోళ్లకు, చెప్పుల షాపులోళ్లకు
'అమ్మిన సరుకు వాపసు తీసుకొనబడదు' అని
లావు అక్షరాల కొట్టి, లామినేషన్ చేసి
నలభై రూపాయలకొకటి ఇస్త.
మా ఇంటి గోడకు మాత్రం ఒకటి కొట్టుకోలే.

రోయిణి కార్తె రెండోనాడు
మా పాత కూలర్ అమ్మిన, మూడువేల రెండువందలకు.
కొన్నాయన పేరు ఓదెలు. హసన్‌పర్తి అవతల ఊరు.
ట్రాలీ ఆటోల నిలబెట్టి, తాడుతోని నడుముకు కట్టి
పెండ్లిపిలగాన్ని ఊరేగిస్తున్నట్టు తీస్కపోయిండు.

పన్నెండు రోజులు ఫోన్ లేదు.
గాలి మంచిగనే వస్తాందనుకున్న.

మిర్గం చినుకు పడ్డది.
సుగుణ ఇంగువ బెల్లంల కలిపి ఉండలు చుడుతాంది,
వాకిట్ల అదే ట్రాలీ ఆటో ఆగింది.
"మోటర్ నీళ్లు గుంజుత లేదు సారూ.
కూలర్ మీరు తీస్కోన్రి, నా పైసలు నాకియ్యిన్రి."

ముందుగాల నాకు కోపం రాలే, భయమైంది.
అమ్మే ముందురోజు పొద్దుగూకినంక
తుప్పు తిన్న అడుగురేకుకు
వెండిరంగు పూసిన చెయ్యి ఇదే.
ఆయన వేలు అటు పోతదేమోనని చూసిన.
పోలే.
అప్పుడొచ్చింది కోపం.

"రోయిణంత గాలి తాగి
మబ్బు పట్టంగనే వాపసా?"
పక్కింటోళ్లు కిటికీ తీసిన్రు.
ఓదెలు నేలకు చూసుకుంట అన్నడు,
"ఒక్కనాడు గూడ సక్కగ నడవలే సారూ."

గడ్డి ఇంకా పచ్చిగనే ఉన్నది.
తొట్టి లోపట నీళ్లు ఎక్కి దిగిన సున్నపు గీతలు,
తొమ్మిది లెక్కపెట్టిన, వినబడేటట్టు.
స్క్రూడ్రైవర్ తెచ్చి పంపు విప్పితే
రెక్కల నడుమ నీలం గోళి.
ఎవల పిలగాడో ఆడుకుంట ఏసిండు.
తీసి ప్లగ్గు పెట్టిన.
బుర్రుమని నీళ్లు పారినయ్,
వానగాలికి ఆ గాలి తోడై
వాకిట్ల అందరం వణికినం.

"నడుస్తాంది గద, తీస్కపో"
అన్న, గెలిచినోని లెక్క.

గోళి అంగీ జేబుల ఏసుకుంటుంటే
చీటి ఒకటి జారింది.
విత్తనాల దుకాణపోని చేతిరాత.
పత్తి పాకెట్లు మూడు. నగదు అయితెనే.
నేనే తీసి ఇచ్చిన, చదివినంక.

"నడిచినా సరే సారూ... పైసలు..."
అని మబ్బు దిక్కు చూసిండు.
దుక్కి దున్ని పెట్టిండట.
పాత బాకీ తీరేదాక ఉద్దెర లేదన్నరట.
అప్పు అడుగ మొఖం చెల్లక
వాపసు అడుగవచ్చిండు.
వాపసుల కొట్లాట ఉంటది,
చెయ్యి చాపుడు ఉండదు.

నాకాడ మాత్రం ఆ పైసలు ఎక్కడియి?
జిరాక్సు మిషన్ డ్రమ్ము మింగింది ఎప్పుడో.
గల్లా దులిపితే పదమూడు వందలు.
సుగుణ బియ్యం డబ్బాల నుంచి రెండు ఐదువందల నోట్లు తెచ్చి
నా చేతిల గాదు, ఆయన చేతిల పెట్టింది.
"మిగిలినయి?" అని ఆయన అడుగలే.
"వెండిరంగు" అని నేను చెప్పలే.

కూలర్ దించినం.
బండల మీద నాలుగు కాళ్ల మచ్చలు ఇంకా పోలే,
వాటి మీదనే పోయి నిలబడ్డది.
ఇది వాపసా, కుదువనా,
పత్తి అమ్మినంక వచ్చి తీస్కపోతడా,
ఏదీ కాయితం మీద రాసుకోలే.
ఇంగువ ఉండ ఒకటి నోట్లేసుకొని
ఓదెలు ఆటో ఎక్కిండు.

మూడు రోజులైంది.
సుగుణ కూలర్ మీద ఉల్లిగడ్డలు ఆరబోసింది.
"మనదా, ఆళ్లదా ఇది?" అంటది, తుడిచేటప్పుడల్లా.

పొద్దుగాల చౌరస్తాల కొత్త గిన్నెల షాపాయన
బోర్డు కొట్టియ్యమని వచ్చిండు.
'అమ్మిన సరుకు' దాక కొట్టిన.
కరెంటు పోయింది, రేపు రమ్మన్న.
నా నెత్తి మీద ఫ్యాను తిరుగుతనే ఉన్నది.