లోడెంత?

సెక్రెటరీ సారు ఫోను నా మొహం ముందర పెట్టినాడు.
యాదో చలి దేశం. ఎర్ర ట్రాక్టరొకటి
ఇంటి వాకిట్లో మంచు తోస్తా ఉండాది.
తెల్లగా, ఒక పక్కకే, ఒద్దికగా
గట్టు పడతా ఉండాది మంచు.
"ఇట్లనే చెయ్యాలప్పా, గేటు కాడి నుంచి లిఫ్టు దాకా.
నీ దగ్గర బ్లేడుందంట కదా?"

ఉంది.
శ్రీనివాసపురం పక్కన మా టమాటా మడి
చదును చేసిన బ్లేడు. ఆరడుగులది.
మా చిన్నాయన బండకేసి కొట్టిన కాడి నుంచి
ఎడమ మూల రవ్వంత వంకర.
బాక్సు నలభైకి పడిపోయిన ఏడు
కాయల్ని చెట్లకే వదిలేసి
బ్లేడు, మందు కొట్టే ట్యాంకు, నీళ్ళ డబ్బా,
అన్నీ ట్రాలీలో వేసుకొని వర్తూరు చేరినా.
అప్పట్నుంచీ కంతులకు సరిపడా
ఈ ఊరి పునాదుల మట్టి మోస్తాండా.

మంచు నేను చూడలే.
అయినా ఇది మంచు కాదని ముక్కే చెప్పింది.
రాత్రి వానకు చెరువు మరవ పారింది.
కాలవలో పుట్టిన నురగ
గోడెక్కి, గోడ దిగి
కార్ల అద్దాల దాకా వచ్చి కూర్చుంది,
పిలవని పెళ్ళికొచ్చిన చుట్టం మాదిరి.
పైన బాల్కనీలో పిల్లోళ్ళు "స్నో! స్నో!" అంటాండారు.
ఒక పాప స్వెట్టరు కూడా తొడుక్కుంది.

చౌడప్ప పిన్ను కొట్టినాడు. బ్లేడు దించినా.
మాది వెనక బ్లేడు,
మెడ తిప్పుకొని రివర్సులో తోయాల.
తోసినా.
చీలింది. దారిచ్చింది.
నేను దాటినాక మళ్ళా కలిసిపోయింది.

మట్టికి మాటుంటుంది సామీ.
నువ్వు తోస్తే అది తోస్తుంది,
స్టీరింగులోంచి మోచేతికి జవాబొస్తుంది,
ఇంజను గొంతు బొంగురు పోతుంది.
ఎండిన చెరువు ఒండ్రు తీసినా, తిట్టింది.
రాగి చేను చదును చేసినా, గొణిగింది.
ఇది మాట్లాడదే!
మూడుసార్లు పొయ్యి మూడుసార్లు వచ్చినా
ఇంజను గొంతు మారలే.
ఖాళీ రోడ్డు మీద పోతాన్నట్టే ఉండాది.

నాలుగోసారికి చౌడప్ప "ఆగు!" అని అరిచినాడు.
చక్రం పక్కన నురగ కదిలింది.
కుక్క.
తెల్లగా లేచి, దులుపుకొని,
నల్ల కుక్కై నడిచిపోయింది.
నా కాలు బ్రేకు మీదే ఉండిపోయింది చానా సేపు.
లోపల ఏముందో తెలీకుండా తోస్తాండానే,
కుక్కకు బదులు, ఆ స్వెట్టరు పాపైతే?

దిగినా. బ్లేడు ఊడదీసినాం.
టమాటాకు మందు కొట్టే ట్యాంకు తగిలించి
ఉత్త నీళ్ళు పోసినాం.
పీటీఓ వేస్తే నాజిలు బుస్సుమంది.
చినుకుల పొగ తగిలిన చోటల్లా
అంత ఎత్తు గుట్ట
సిగ్గుపడినట్టు కిందికి కూర్చుంది.
కిందినుంచి
ఒక పిల్లోడి చెప్పు, పాల పాకెట్లు రెండు,
వాచ్‌మన్ బిపుల్ సైకిలు,
పసుపురంగు నో పార్కింగ్ గీత
ఒకటొకటే బయటపడ్డాయి.
నల్లనీళ్ళు మిగిలినాయి గిన్నె అడుగున మాదిరి.
అవి గేటు పక్క మోరీలోకి పోయినాయి.
మోరీ యాడికి పోతుందో సారుకూ తెలుసు, నాకూ తెలుసు.

డబ్బుల కాడ వచ్చింది పేచీ.
"లోడెంతప్పా?" అన్నాడు సారు.
"నువ్వు మోసిందేమీ లేదు కదా,
నాలుగు ట్రిప్పులు ఖాళీగానే తిరిగితివి."
నిజమే.
ఏడేండ్లుగా టన్నుల్లో బతికినోడిని,
ఈ పొద్దు మోసిందానికి బరువు చెప్పలేకపోతిని.
డీజలు కాడికి ఇచ్చినాడు. తీసుకున్నా.

బాడుగ షెడ్డు కాడ బ్లేడు కడగబోతే
అంచున పెయింటు పొక్కులు లేచి ఉండాది.
పదైదేండ్ల బండలూ, ఉప్పునేలా చెయ్యని పని
గాలంత తేలికది చేసిపెట్టింది.
చౌడప్ప బకెట్లో సోపు పొడి కలపతా
చెయ్యాడించినాడు. నురగ లేచింది.
"వద్దులేరా" అన్నా.
"ఎందుకన్నా?"
చెప్పడానికి తోచలే.
ఉత్త నీళ్ళే పోసినాం.
జిడ్డు పోలే.