రెండో మెట్టు

పీణ్య రెండో స్టేజి. రాత్రి షిఫ్టు.
గోడ అవతల పౌడర్ కోటింగ్ వాళ్ల కంప్రెసర్
దగ్గుతూనే ఉంది.
బీకరులో పైపరజీన్, నులిపురుగుల మందు,
మూత తీస్తే చేపల బజారు.
బ్యూరెట్ దగ్గర నస్రీన్,
హిందూపురం ప్యాసింజరులో
చోటు దొరకని కాళ్లతో.

పీహెచ్ పదకొండు దగ్గర మొదలు.
చుక్క. ఇంకో చుక్క.
తొమ్మిదీ పాయింట్ ఏడు దగ్గర గీత పడుకుంది.
ఎంత ఆమ్లం పోసినా
బాకీ అడిగితే మొహం మారని మనిషిలా.
పద్దెనిమిదిన్నర మిల్లీలీటర్లకు
ఉన్నట్టుండి జారింది.

"అయిపోయిందా మేడమ్?"

అవలేదు. ఇంకో నైట్రోజన్ ఉంది.
ఉంగరంలో ఎదురెదురుగా ఇద్దరు,
ఒకే పోలిక.
ముందు చెయ్యి చాపింది ఎవరో చెప్పలేం,
ప్రోటాన్ కూడా కుదురుగా ఉండదు,
కాసేపు ఇక్కడ, కాసేపు అక్కడ.
కానీ ఒకటి వచ్చి కూర్చున్నాక
రెండోదాన్ని రానివ్వడం కష్టం.
ఉన్నదీ ధనావేశమే, వచ్చేదీ ధనావేశమే,
గుమ్మంలోనే తోపులాట.

"అయితే రెండోదానికి ఆమ్లం ఎక్కువ పడుతుందా?"

లేదమ్మాయ్. మళ్లీ పద్దెనిమిదిన్నరే.
కొలత ఒకటే.
అది పుచ్చుకోవడానికి దిగాల్సిన లోతు వేరు.
అయిదూ పాయింట్ మూడు దాకా దిగాలి.

అప్పుడు తలుపు సగం తెరిచి నంజేగౌడ సారు,
పొద్దున షిఫ్టుకి మనిషి లేదు,
స్వల్ప అడ్జస్ట్ మాడి, అన్నాడు.
నిన్నా అదే మాట.
నిన్న "సరే సార్" అనడానికి
ఆ పిల్లకి రెప్పపాటు పట్టలేదు.
ఇవాళ స్టాప్‌కాక్ మీద వేలు అలాగే ఉంచి
మీటరు వంకే చూస్తోంది.
నిన్నటి సరే ఇంకా దాని భుజాల మీదే ఉంది.
సారుకి కనబడదు.
ఆయన సూచిక
ఒక్క మలుపుకే రంగు మారుతుంది.

ముప్పై ఏడు దగ్గర రెండో జారుడు.
నస్రీన్ రీడింగు రాసి, పెన్ను మూత పెట్టి,
సారు ఇంకా అక్కడ ఉండగానే
"పొద్దున్నే నా రైలు సార్" అంది.
అంతే.

నేను కింద సంతకం పెట్టాను.
చాలా చోట్ల చాపే చేతులు, అవి కూడా దగ్గరదగ్గరగా ఉంటే
మెట్లు కనిపించవు,
అన్నీ కలిసిపోయి ఒకే వాలు.
పందొమ్మిదేళ్లు.
నా సరేలు ఎక్కడెక్కడ పడ్డాయో
ఏ గ్రాఫు కాగితం మీదా చూపించలేను.

బ్యూరెట్ కడిగి తలకిందులుగా బిగించాను.
కంప్రెసర్ ఆగింది.
ఇద్దరం ఒకేసారి తలెత్తాం.